మేడారం బస్సుకిచ్చిన దారి సైకిల్‌కు ఇవ్వలేమా?

రెండేళ్లకోసారి మాఘమాసంలో ములుగు జిల్లా పస్రా దగ్గర పోలీసులు రోడ్డును పంచుతారు. హనుమకొండ వైపు నుంచి 163వ నంబరు జాతీయ రహదారి మీద వచ్చిన కార్లు, జీపులు, ట్రాక్టర్లు, డీసీఎంలు అక్కడే నార్లాపూర్ దారి పట్టాలి. ఆర్టీసీ బస్సు మాత్రం తిన్నగా తాడ్వాయి పోయి, అక్కడ మలుపు తిరిగి, పద్నాలుగు కిలోమీటర్ల అడవి రోడ్డు మీద మేడారం చేరుతుంది. తిరుగు ప్రయాణంలోనూ ఇదే పద్ధతి. సొంత బండ్లు బయ్యక్కపేట మీదుగా భూపాలపల్లి వైపు చుట్టు తిరిగి పోతాయి, బస్సు వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. లక్షలు పెట్టి కొన్న కారుకు తిరుగు ప్రయాణంలో చుట్టుదారి, బస్సెక్కి కూర్చున్న మనిషికి ప్రత్యేక దారి. మామూలు రోజుల్లో మన రోడ్ల మీద నడిచే న్యాయానికి ఇది పూర్తిగా తలకిందులు. అయినా సమ్మక్క సారలమ్మల జాతరకు పోయే జనం దీన్ని ఒప్పుకుంటారు. బంగారమని పిలుచుకునే బెల్లం నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని వచ్చే అంతమంది గద్దెల దాకా చేరాలంటే ఇంకో మార్గం లేదని అందరికీ తెలుసు.

2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగిన జాతరకు ఆర్టీసీ దాదాపు 6,000 ప్రత్యేక బస్సులు నడిపింది. నాలుగు రోజుల్లో వచ్చినవాళ్లు కోటికి పైనే అని అధికారుల అంచనా. అంతకు రెండు నెలల ముందే, 2023 డిసెంబరు 9న, మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైంది. అంత జనాన్ని అడవి మధ్యలో ఉన్న ఒక పల్లెకు చేర్చడానికి అధికారులు వేసుకున్న లెక్క చాలా సూటిది. యాభై మంది ఎక్కిన బస్సుకు రోడ్డు మీద పది పన్నెండు మీటర్ల చోటు చాలు. ఆ యాభై మందే నలుగురేసి కార్లలో బయల్దేరితే పదమూడు కార్లు కావాలి, వాటి మధ్య ఎడంతో కలిపి వంద మీటర్ల రోడ్డు కావాలి. అందుకే దారి బస్సుది. 2006లో కేంద్రం ప్రకటించిన జాతీయ పట్టణ రవాణా విధానం కూడా రోడ్డు స్థలాన్ని పంచేటప్పుడు వాహనాలను కాకుండా మనుషులను లెక్కపెట్టమనే చెప్పింది. ఢిల్లీలో కాగితం మీద ఉన్న ఆ మాట మేడారంలో నాలుగు రోజుల పాటు నేల మీద నడుస్తుంది. నేననేది ఒక్కటే. తక్కువ చోటులో ఎక్కువ మందిని తీసుకుపోయే ప్రయాణానికి ప్రత్యేకంగా దారి ఇవ్వడం, ఆ దారిని గట్టిగా కాపాడటం మన యంత్రాంగానికి తెలిసిన విద్యే. ఆ విద్యను వరంగల్ నగరంలో సైకిల్ కోసం, మూడు వందల అరవై అయిదు రోజులూ వాడాలి.

వరంగలే ఎందుకంటే, సైకిల్‌కు ఇంత అనువైన నగరం తెలంగాణలో మరొకటి చూపించడం కష్టం. కాజీపేట జంక్షన్, హనుమకొండ చౌరస్తా, వరంగల్ స్టేషన్ ఒకే దండలో గుచ్చిన మూడు పూసల్లా ఉంటాయి. ఈ కొస నుంచి ఆ కొసకు పది పన్నెండు కిలోమీటర్లు. ఆ దారి మీదనో, దాన్నుంచి కాస్త పక్కకో ఎన్ఐటీ, కలెక్టరేట్, కోర్టు, ఎంజీఎం ఆస్పత్రి, లెక్కలేనన్ని కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు ఉన్నాయి. చాలామంది రోజువారీ ప్రయాణం మూడు నుంచి ఆరు కిలోమీటర్ల లోపే, అంటే మామూలుగా తొక్కితే పావుగంట, ఇరవై అయిదు నిమిషాల పని. ఈ సంగతి ప్రభుత్వానికి తెలియక కాదు. కరోనా కాలంలో కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ దేశంలోని నగరాలకు సైకిల్ పోటీ ఒకటి పెట్టింది. అందులో గెలిచిన పదకొండు నగరాల పేర్లు 2021లో ప్రకటిస్తే, బెంగళూరు, సూరత్, చండీగఢ్, భువనేశ్వర్ పక్కన వరంగల్ పేరు కూడా ఉంది. ఒక్కో నగరానికి కోటి రూపాయల ప్రోత్సాహకం. ఆ వార్త చదివి సంతోషించని వరంగల్ మనిషి ఉండడు. కానీ కాజీపేటలో మొదలై వరంగల్ దాకా ఎక్కడా తెగకుండా, మోటారు బండి చొరబడకుండా సాగే సైకిల్ దారి మాత్రం నేటికీ లేదు.

అలాంటి దారి లేనప్పుడు సైకిల్ ఎక్కడ పోతుంది? తారు ఆగిపోయి కంకర మొదలయ్యే అంచు మీద పోతుంది. ఆ అంచు ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉండదు, ఒకచోట తారు బెత్తెడు లేచి ఉంటుంది, ఇంకోచోట మోరీ మీది ఇనుప జాలి సందులు చక్రం పోయే దిక్కుకే నిలువుగా ఉంటాయి. టైరు అందులో పడిందా, మనిషి హ్యాండిల్ మీదుగా ముందుకు పడాల్సిందే. దాన్ని తప్పించుకుని కాస్త లోపలికి వస్తే వెనక నుంచి హారన్. నాలుగడుగులు పోగానే ఆగి ఉన్న ఆటో, దాని పక్కన బోర్డు తిరగేస్తున్న సిటీ బస్సు, ఆ పక్కన తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియని కారు. ఒక్కో అడ్డానికీ సైకిల్ మనిషి మెడ తిప్పి వెనక్కి చూసి, చెయ్యి చాచి, రోడ్డు మధ్యలోకి రావాలి. తల వెనక్కి తిప్పిన ఆ క్షణంలో ముందేముందో కనపడదు. ఇలా పది నిమిషాలు తొక్కిన పిల్లవాడి తల్లి మర్నాడు వాడికి సైకిల్ తాళంచెవి ఇవ్వదు. ఆమె ఇవ్వకపోవడం సబబే. వాడు స్కూటీ వెనకనో, ఏడుగురిని కుక్కిన ఆటోలోనో బడికి పోతాడు. ఆ ఆటో మరో సైకిల్‌ను అంచుకు నెడుతుంది.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది అని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. అందులో దాదాపు 4,800 మంది సైకిల్ మీద పోతున్నవాళ్లు, 32,825 మంది నడిచిపోతున్నవాళ్లు, నూటికి నలభై నాలుగు మందికి పైగా మోటారు సైకిళ్ల మీద ఉన్నవాళ్లు. ఈ మూడో అంకెను సైకిల్ ట్రాక్ వ్యతిరేకులు పట్టించుకోరు. నెమ్మదిగా పోయేదాన్నీ వేగంగా పోయేదాన్నీ ఒకే తారు మీద కలిపి వదిలితే నష్టపోయేది సైకిల్ ఒక్కటే కాదు. అంచున ఊగుతున్న సైకిల్‌ను తప్పించబోయి లారీ కిందికి పోయే బండి మనిషికి కూడా సైకిల్ ట్రాక్ రక్షణే. ఇంకో లెక్క కూడా మనం మరిచిపోయాం. 2011 జనగణన వ్యవసాయేతర పనులకు పోయేవాళ్లను ఎలా పోతున్నారని అడిగింది. దాదాపు నాలుగున్నర కోట్ల మంది నడిచి అన్నారు, రెండు కోట్ల అరవై లక్షల మంది సైకిల్ అన్నారు. ఆనాడు మోటారు బండి మీద పనికి పోయేవాళ్లకంటే సైకిల్ మీద పోయేవాళ్లు కాస్త ఎక్కువే. ఆ తర్వాత వాయిదాల మీద బండ్లు వచ్చాయి, నిజమే. కానీ ఆ వాయిదా కట్టలేనివాళ్లు, లైసెన్సు వయసు రాని పిల్లలు ఇంకా ఈ రోడ్ల మీదే ఉన్నారు.

ఇక్కడ ఎదురయ్యే మొదటి ప్రశ్న తెలిసిందే: సైకిల్ తొక్కేవాళ్లెక్కడున్నారు, ట్రాక్ వేస్తే ఖాళీగా పడి ఉండదా? స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో కూడా 2006కు ముందు నూటికి ఒక్కరు కూడా సైకిల్ మీద తిరిగేవాళ్లు కాదు. అక్కడి నగరపాలక సంస్థ ఒక వీధిలో కిలోమీటరు, మరో వీధిలో అర కిలోమీటరు వేసి ఊరుకోలేదు. ఏడాదిన్నరలో ఎనభై కిలోమీటర్లు, మరి కొన్నేళ్లకు నూట ఇరవై కిలోమీటర్లు, ఒకదానికొకటి కలిసేలా, రోడ్డుకు ఎత్తైన అంచుతో వేసింది. రోజుకు ఆరేడు వేలున్న సైకిల్ ప్రయాణాలు అరవై, డెబ్బై వేలకు పోయాయి. దారి తెగకుండా ఉంటేనే జనం నమ్ముతారు. మేడారం దగ్గరి దాకా బస్సుకు ప్రత్యేక దారి ఇచ్చి, చివరి రెండు కిలోమీటర్లు కార్ల మధ్య వదిలేస్తే ఆ బస్సెక్కడానికి ఎవరు వస్తారు? మన నగరాల్లో సైకిల్ ట్రాక్ పేరిట వేసిన పచ్చరంగు ముక్కలు చాలావరకు అలాంటివే. ఇక చోటు సంగతి. పది అడుగుల వెడల్పున్న వరుసలో గంటకు కార్ల మీద 600 నుంచి 1,600 మంది పోగలిగితే, రక్షణ ఉన్న సైకిల్ దారిలో 7,500 మంది దాకా పోగలరని అమెరికా నగర రవాణా అధికారుల సంఘం లెక్క కట్టింది. పస్రా దగ్గర పోలీసు వేసే లెక్క కూడా ఇలాంటిదే.

సైకిల్ అంటే షోకు అనే అభిప్రాయం ఒకటి ఈ మధ్య బలపడింది. దానికి హైదరాబాద్ కొంత కారణం. 2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మొదలైంది. పైన సౌర ఫలకాల కప్పు, కింద మూడు వరుసల దారి, ఎండ తగలదు, వాన పడదు. మంచి పనే చేశారు, నీడ ఇవ్వాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో వాళ్లను మెచ్చుకోవాలి. అయితే ఆ దారి ఎవరినీ ఇంటి నుంచి పనికి చేర్చడానికి వేసింది కాదు, వ్యాయామానికి వేసింది. సైకిల్‌ను కారు వెనక కట్టుకుని అక్కడికి పోయేవాళ్లకు అది పనికొస్తుంది. ఎనుమాముల మార్కెట్‌కు తెల్లవారకముందే బయల్దేరే హమాలీకి, ఎంజీఎంలో రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోయే ఆయాకు, కాకతీయ యూనివర్సిటీ హాస్టల్ నుంచి లైబ్రరీకి పోయే విద్యార్థికి కావలసింది వాళ్ల రోడ్డు మీదే, వాళ్ల పనిగంటల్లో దొరికే దారి. ఆడపిల్లల విషయంలో దీని విలువ ఎంతో బీహార్ చూపించింది. 2006లో అక్కడ తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లివ్వడం మొదలుపెట్టాక హైస్కూల్లో చేరే ఆడపిల్లలు దాదాపు మూడో వంతు పెరిగారని కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కలతో నిరూపించారు. ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ పేరుతో పిల్లలకు సైకిళ్లిచ్చారు. సైకిల్ ఇచ్చినవాళ్లే దాన్ని నడిపే చోటు కూడా ఇస్తే ఆ ఖర్చుకు నిండు ఫలితం వస్తుంది.

అసలైన అభ్యంతరం వేరే ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. జాతర నాలుగు రోజులు. దానికి వేల మంది పోలీసులు, బారికేడ్లు, వైర్‌లెస్ సెట్లు, అన్నిటికీ మించి అమ్మల మీద జనానికున్న భక్తి. నగరంలో రోజూ ఇంత కట్టడి సాధ్యమా? సాధ్యం కాదనడానికి సాక్ష్యాలూ ఉన్నాయి. విజయవాడలో బస్సుల కోసం వేసిన ప్రత్యేక మార్గంలో ఇప్పుడు బీఆర్టీఎస్ రోడ్డు అన్న పేరు మిగిలింది కానీ ఆ ఏర్పాటు నిలవలేదు. ఢిల్లీలో 2008లో అంబేడ్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా వేసిన బస్సు దారిలో సైకిల్‌కు కూడా చోటిచ్చారు. కొన్నేళ్లకే దాన్ని ఎత్తేశారు. నేను వీటిని మరోలా చదువుతాను. ఒక్క రోడ్డు మీద ఐదారు కిలోమీటర్లు వేస్తే అందులో పోయేవాళ్లు కొద్దిమంది, దానివల్ల ఇబ్బంది పడే కార్లవాళ్లు ఎక్కువమంది. ఓడిపోయే లెక్కతో మొదలైన పని ఓడిపోయింది. సెవిల్ గెలిచింది ఊరంతా కలిపి ఒకేసారి వేసినందుకే.

కాపలా సంగతికి మేడారంలోనే జవాబుంది. గురువారం సాయంత్రం చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చే దృశ్యం చూసినవాళ్లకు గుర్తుంటుంది. కుంకుమ భరిణె రూపంలో అమ్మను పట్టుకుని పూజారులు నడుస్తుంటే చుట్టూ పోలీసులు ఒక పెద్ద మోకును చేతులతో పట్టుకుని వలయంగా కదులుతారు. రోప్ పార్టీ అంటారు దాన్ని. లక్షల జనం ఒక్కసారిగా తోసుకొచ్చే చోట, దయచేసి జరగండి అని మైకులో చెబితే సరిపోదని వాళ్లకు తెలుసు. చేతికి తగిలే అడ్డు ఉండాలి. నగరంలో ఆ మోకు పని చేయాల్సింది రాయి. రోడ్డుకూ సైకిల్ ట్రాక్‌కూ మధ్య ముప్పావు అడుగు ఎత్తున కర్బు కట్టి, పక్క వీధులు కలిసేచోట తప్ప ఎక్కడా సందు వదలకపోతే, ఆ రాయి రాత్రింబగళ్లు జీతం అడగకుండా కాపలా కాస్తుంది. తెల్లగీతకు ఆ శక్తి లేదు. చట్టం లేదనీ అనలేం. సైకిల్ దారి మీదా ఫుట్‌పాత్ మీదా మోటారు వాహనం నడపరాదని 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే రాశారు. ట్రాక్ ఎక్కిన బండికి చలానా వేయడానికి కొత్త అధికారమేమీ అక్కర్లేదు. చౌరస్తాల్లో ఇప్పటికే ఉన్న కెమెరాలను ఒక మూర పక్కకు తిప్పితే చాలు. మేడారం దారి కూడా ఇంకో పాఠం చెబుతుంది. పాసుల పేరిట బస్సు దారిలోకి వదిలే కార్లు పెరిగేకొద్దీ అది మామూలు దారే అయిపోతుంది. నగరంలోనూ ఒక కార్పొరేటర్ బండి, ఒక అధికారి జీపు ట్రాక్ మీద ఆగిన రోజున మిగతావాళ్లకు అనుమతి దొరికినట్టే.

దుకాణదారుల భయం నిజమైనదే. ముందు కారు ఆగకపోతే గిరాకీ పోతుందని వాళ్ల బాధ. అయితే హనుమకొండ చౌరస్తాలో బట్టల షాపు ముందు ఆగి ఉన్న ఒక్క కారు స్థలంలో ఎనిమిది, పది సైకిళ్లు పడతాయి. పైగా పొద్దున పెట్టి సాయంత్రం తీసే ఆ కార్లలో చాలావరకు దుకాణాల వాళ్లవే. తోపుడు బండ్లవాళ్ల విషయం మాత్రం నన్ను కలవరపెడుతుంది. ట్రాక్ పేరు చెప్పి మొదట లేపేది వాళ్లనే, ఎందుకంటే వాళ్లు ఎదురు చెప్పలేరు. అలా చేస్తే పేదవాడి ప్రయాణం కోసమని పేదవాడి బతుకు తీసినట్టవుతుంది. చోటు తీసుకోవలసింది ఆగి ఉన్న కారు దగ్గర. బండ్లవాళ్లకు ట్రాక్ పక్కనే గుర్తించిన స్థలం డిజైన్‌లోనే ఉండాలి. సైకిల్ మనిషి దిగి కొనేది కూడా వాళ్ల దగ్గరే. పాత వరంగల్ ఇరుకు వీధుల్లో ట్రాక్ వేయడానికి చోటు లేదన్నది ఒప్పుకోవాల్సిందే. అక్కడ అన్ని బండ్ల వేగాన్నీ గంటకు ముప్పై కిలోమీటర్లకు దించితే ప్రత్యేక దారి లేకుండానే సైకిల్ బతుకుతుంది.

ఎండ గురించి ఒక మాట. ఏప్రిల్, మే నెలల్లో వరంగల్‌లో నలభై డిగ్రీలు దాటుతుంది, సెవిల్‌లోనూ వేసవిలో నలభై దాటుతుంది. ఆ ఎండలో నడిచేవాళ్లు, హెల్మెట్ లోపల ఉడికిపోతూ సిగ్నల్ దగ్గర నిలబడేవాళ్లు ఇప్పుడు మాత్రం లేరా? కావలసింది నీడ. రోడ్డు వెడల్పు పేరిట కొట్టేసిన చింత, వేప చెట్ల చోట ట్రాక్ వెంట మళ్లీ చెట్లు నాటాలి. కానుగ, వేప నాలుగైదేళ్లలో నీడకొస్తాయి.

ప్రపంచంలో సైకిళ్లకు పేరుపడ్డ నెదర్లాండ్స్ పుట్టుకతోనే అలా లేదు. 1971లో ఒక్క ఏడాదిలో అక్కడ రోడ్ల మీద 3,300 మంది చనిపోయారు, వాళ్లలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి, పిల్లల హత్యలు ఆపండని అడిగాకే రోడ్లు మారడం మొదలైంది. మనం అంత దాకా ఆగనక్కర్లేదు. తర్వాతి మేడారం జాతర 2028 మాఘంలో. ఆ లోపు గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థ ఒక్క పని తేదీ పెట్టుకుని చేయాలి. కాజీపేట నుంచి హనుమకొండ చౌరస్తా మీదుగా వరంగల్ స్టేషన్ దాకా, రోడ్డుకు రెండు పక్కలా, ఆరేడు అడుగుల వెడల్పున, కర్బుతో, ఎక్కడా తెగకుండా సైకిల్ దారి వేయాలి. దాన్నుంచి కొమ్మల్లా ములుగు రోడ్డు వైపు ఒకటి, ఎనుమాముల వైపు ఒకటి, యూనివర్సిటీ వైపు ఒకటి అదే ఏడాది కలపాలి. పని మొదలుపెట్టే ముందు ప్రతి చౌరస్తాలో పొద్దున ఎనిమిది నుంచి పది దాకా ఎంతమంది సైకిల్ మీద పోతున్నారో లెక్కపెట్టి బోర్డు పెట్టాలి. ట్రాక్ వేసిన ఏడాదికి అదే చోట, అవే గంటల్లో మళ్లీ లెక్కపెట్టి, ఆ అంకెను కూడా దాని కిందే రాయాలి.